జీన్ల చాచా వాకిట్లో ఫుట్‌బాల్

మోకాలి నొప్పి తగ్గడం లేదని కిందటి నెల మా కోడలు నన్ను సిద్దిపేటలో కొత్తగా తెరిచిన ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు తీసుకెళ్లింది. అక్కడి అమ్మాయి నా మనవరాలి వయసుది. గోడ పట్టుకుని నిలబడి, ఒక కాలిని తుంటి దగ్గర నుంచి ముందుకీ వెనక్కీ ఊపమంది. నడుము కదలకూడదు, పది సార్లు ఊపాలి. నేను ఊపాను. ఆమె లెక్కపెట్టడం మానేసి చూస్తూ నిలబడింది. గింత సక్కగ ఎవ్వరూ ఊపరమ్మా, ఏడ నేర్చుకున్నరు అని అడిగింది. ఆ తర్వాత నా కుడికాలి బొటనవేలు చూసి, ఈ గోరేంది ఇట్ల వంకర పోయింది అని కూడా అడిగింది. రెండింటికీ జవాబు ఒక్కటే. ఫుట్‌బాల్ అన్నాను. పిల్ల నవ్వింది గాని నమ్మలేదు.

నమ్మకపోవడంలో తప్పు లేదు. మా కాలంలో మా ఊళ్లో ఆడపిల్లలు బంతిని తన్నడం మా ఇంట్లోవాళ్లే నమ్మలేదు.

మా బాపుది బెల్లం దుకాణం. ఇల్లు వెనకా, దుకాణం ముందరా. ఏడాది పొడుగునా ఇంట్లో బెల్లం వాసన, తేనెటీగల రొద. అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. బడి వదలగానే అన్నా వాళ్ల జట్టూ కోమటిచెరువు కట్ట కింద ఖాళీ జాగలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. వాళ్ల డ్రిల్ సార్ ఇచ్చిన తోలు బంతి ఒకటుండేది. లోపల రబ్బరు తిత్తి, పైన బూటుకు కట్టినట్టు తాడు. వానలో తడిసిందంటే ఒక్కొక్క తన్నుకు కాలు జివ్వుమనేది. నన్ను ఆటలోకి రానిచ్చేవాళ్లు కాదు. గోలు వెనక తుమ్మచెట్ల దగ్గర నిలబడి, దాటిపోయిన బంతిని తెచ్చి చేత్తో విసరడమే నా పని.

ఒక సాయంత్రం విసరలేదు. బంతి నా ముందుకు దొర్లుకుంటూ వచ్చింది. ఇంకేమీ ఆలోచించకుండా, ఉన్న బలమంతా పెట్టి బొటనవేలితో తన్నాను. అది వాళ్లవైపు పోకుండా పక్కకు లేచి తుమ్మకంపలో పడింది. ముల్లు దిగి బుస్సుమంది. నా గోరు చీలి రక్తం వచ్చింది. నా గోరు సంగతి ఎవరికీ పట్టలేదు. వచ్చే ఆదివారం కొండపాక పిల్లలతో పోటీ ఉంది, ఉన్నది ఒకటే బంతి. అన్న నన్ను కొట్టలేదు గాని, నువ్వే పోయి జీన్ల సాయబు దగ్గర కుట్టించుకురా, కుట్టించకుంటే ఇంటికి రాకు అన్నాడు.

జీన్ల సాయబును పిల్లలమంతా చాచా అనేవాళ్లం. బస్టాండుకు పోయే దారిలో టాంగాల అడ్డా ఉండేది. దాని పక్కనే చాచా ఇల్లు. టాంగా గుర్రాలకు జీన్లు, పట్టెడలు, కళ్లేలు కుట్టేవాడు. పెద్ద వాకిలి. ఒక మూల నీళ్ల తొట్టి, అందులో నానుతున్న తోళ్లు. గోడకు ఆనించిన పాత టాంగా చక్రాలు. నానిన తోలూ, తేనెమైనమూ, గుర్రపు లద్దీ కలిసిన వాసనకు మొదటిరోజు ముక్కు మూసుకున్నాను. వారం తిరిగేసరికి అదే వాసన కోసం ముక్కు వెతుక్కునేది.

చాచా బంతి తాడు విప్పి, తిత్తిని బయటికి లాగి, ఊది, నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగలు లేచిన చోట వేలు పెట్టి, దీన్ని ఎవరు తన్నారని అడిగాడు. నేనే అన్నాను. కాలు చూపెట్టమన్నాడు. చూపెట్టాను. ఆయన నవ్వలేదు.

"బంతిని పొడిచినవ్ బేటీ. తన్నలే" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. "మరి ఎట్ల తన్నాలె?" అన్నాను.

చాచా చేతిలోని తోలు కుట్టే ఆరె కింద పెట్టాడు. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. గోరు మానినంక రా అన్నాడు.

ఆదివారానికి బంతి కుట్టి ఇచ్చాడు. అన్నావాళ్లు కొండపాక మీద గెలిచి వచ్చారు. నేను గోరు ఎప్పుడు మానుతుందా అని రోజూ చూసుకున్నాను. పూర్తిగా మానకముందే పోయాను.

పోతే బంతి ఇవ్వలేదు. టాంగా చక్రం పట్టుకుని కాలు ఊపమన్నాడు. తుంటి నుంచి, గుర్రం తోక ఊపినంత తేలికగా. ఎనిమిది రోజులు అదే పని. కుడికాలు వంద, ఎడమకాలు వంద. ఎడమకాలు ఎందుకంటే, అది కూడా నీదే కదా అన్నాడు. తొమ్మిదో రోజు, చేత్తో ఆడితే ఏమైతది, కాలితోనే ఎందుకు అని విసుక్కున్నాను. ఆయన జీను కుడుతూ తల ఎత్తకుండా చెప్పాడు.

"చెయ్యి అన్నీ నేర్చుకున్నది. కాలు ఇంక బడికి పోలే."

ఆ మర్నాడు బంతి బయటికి వచ్చింది. ఆయనే తోలు ముక్కలతో కుట్టింది, అక్కడక్కడ సొట్టలున్నది. దానికి తడి సున్నం పూశాడు. తన్నగానే నా కాలు పైకెత్తి చూపెట్టాలి. సున్నం ఎక్కడ అంటితే బంతి అక్కడ తగిలినట్టు. బొటనవేలి కొసన తెలుపు కనిపిస్తే కడుక్కుని మళ్లీ తన్నాలి. దగ్గరివాళ్లకు పంపాలంటే పాదం లోపలి పక్కన అంటాలి, చీపురుతో వాకిలి ఊడ్చినట్టు తొయ్యాలి. దూరం పోవాలంటే మీగాలి మీద అంటాలి, వేళ్లు నేలవైపు వంచి, చీలమండ బిగబట్టాలి. తన్నాక కాలు అక్కడే ఆగకూడదు, బంతి వెంట కొంచెం దూరం పోవాలి.

ఇవన్నీ నాలుగు రోజుల్లో నోటికి వచ్చాయి. కాలికి రాలేదు. బంతి ఎటో పోయేది. పదోసారో పన్నెండోసారో ఏడుపు వచ్చినంత పనైంది. అప్పుడు చాచా లేచి వచ్చి నా ఎడమ పాదాన్ని పట్టుకుని బంతి పక్కన, జానెడు దూరంలో పెట్టాడు. తన్నే కాలు సంగతి మరిచిపొమ్మన్నాడు. నిలబడ్డ కాలు ఎటు చూస్తే బంతి అటు పోతుందన్నాడు. ఆయన నిలబెట్టిన రెండు చక్రాల నడుమ నుంచి బంతి నేరుగా పోయి గోడకు తగిలింది. సున్నపు మచ్చ ఆ గోడ మీద చాలా కాలం ఉంది.

చాచా తాను మాత్రం ఎప్పుడూ తన్నేవాడు కాదు. చిన్నప్పుడు సికింద్రాబాదులో తెల్లవాళ్ల పల్టన్‌లో గుర్రాలు కడిగేవాడట. ఈ ఆటను వాళ్ల దేశంలో పూర్వం ఊరికి ఊరు తిత్తి ఊదుకుని తన్నులాడేవాళ్లనీ, ఎవరైనా చచ్చేదాకా తెగేది కాదనీ, ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చుని చెయ్యి తగలరాదని నియమాలు రాసుకున్నారనీ ఒక సిపాయి చెప్పాడట. సిపాయిలకు ఆడేందుకు మనుషులు తక్కువైనప్పుడు గుర్రాలవాళ్లను పిలిచేవాళ్లు. సిపాయిలకు బూట్లు. వీళ్లవి వట్టి కాళ్లు, చీలమండకు గుడ్డపేలిక. ఆ బూటు కిందనే చాచా మోకాలు పోయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. బూట్లవాళ్ల దగ్గర ఎట్లా ఆడాలో నేర్చుకున్నామని మాత్రం చెప్పాడు.

"బంతి పట్టుకొని నిలబడితె కాలు పోతది. బంతిని పంపియ్యి, నువ్వు జాగ మారు."

చాచీ లోపలి నుంచి జొన్నరొట్టె, పండుమిరప తొక్కు పంపేది. మా ఇంట్లో తెలిస్తే అదొక గొడవ. కాని ఆ రొట్టె రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది.

బతుకమ్మ రోజులు వచ్చాయి. పొద్దున్నే ఆడపిల్లలంతా తంగేడు పూలకు, గునుగు పూలకు చెలకల్లోకి పోతారు. నాకు అంతకంటే మంచి సాకు దొరకదు. బుట్ట పట్టుకుని పూలకని బయల్దేరి చాచా వాకిట్లో తేలేదాన్ని. వచ్చేటప్పుడు దారిలో దొరికిన నాలుగు గునుగు పూలు వేసుకుని వచ్చేదాన్ని. బంతి తోలు మెత్తబడాలంటే ఆముదం రాయాలని చాచా అంటే, అమ్మ తలకు రాసుకునే ఆముదం సీసా కూడా కొంచెం కొంచెం ఖాళీ చేశాను. మూడోరోజు మా బతుకమ్మ వాడకట్టులో అందరికంటే పొట్టిగా వచ్చింది. నాలుగోరోజు అమ్మ నన్ను గడపలోనే ఆపింది. బుట్ట చూసింది. ఆ తర్వాత నా కుడికాలు చూసింది. మీగాలి మీద సున్నం.

అబద్ధం చెప్పాలని నోరు తెరిచాను, రాలేదు. ఉన్నదంతా చెప్పేశాను, ఆముదం సంగతితో సహా. అమ్మ నా చేతిలోని బుట్ట తీసి పక్కన పెట్టింది. చెంబుతో నీళ్లు తెచ్చి నా కాలు మీద పోసింది.

"రేపటిసంది పూలు నేను తెంపుకొస్త. నువ్వు పో. కాని కాళ్లు కడుక్కొని ఇంట్లకు రా" అంది.

ఎందుకంది అని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. అమ్మ ఒక్కసారి కూడా చెప్పలేదు.

దసరా సెలవులు అయ్యాక మా ఆడపిల్లల బడిలో పెద్ద టీచరమ్మ దగ్గరికి పోయాను. మేం ఫుట్‌బాల్ జట్టు కడతాం, మగపిల్లల బడితో ఆడతాం అన్నాను. మాకు అప్పటిదాకా ఉన్నవి తాడాట, ఖోఖో, రింగు. టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. వెంటనే కాదనలేదు. ఏడుగురిని తీసుకురా, ఏడుగురి నాయినలతోనూ ఒప్పుకుంటున్నట్టు చీటీ రాయించుకురా, అప్పుడు చూస్తానంది. ఏడు చీటీలు ఎట్లాగూ రావని ఆమె ధీమా.

నేను ఇల్లిల్లూ తిరిగాను. తలుపు దగ్గర నిలబడి మాట్లాడితే ఒకరోజుకు ఒక చీటీ. కొందరు కుక్కను తోలినట్టు తోలారు. ఒకావిడ నన్ను కూర్చోబెట్టి సర్వపిండి పెట్టి, కాళ్లు విరిగితే రేపు ఎవరు చేసుకుంటారే నిన్ను అని బుజ్జగించి పంపింది. సర్వపిండి తిని మర్నాడు మళ్లీ పోయాను. మా తరగతిలో వెనక కూర్చునే పద్మశాలీల పిల్ల మాత్రం నేను అడగకముందే చీటీ తెచ్చింది. నోరు విప్పి మాట్లాడేది కాదు. బడికి ముందూ తర్వాతా ఇంట్లో గుంట మగ్గం మీద కూర్చునేది. కాలి కింద కర్రను చూడకుండా తొక్కి తొక్కి ఆ పిల్ల పాదాలకు ఒక లెక్క తెలిసింది. చాచా నాకు నేర్పింది నేను ఆ పిల్లకు నేర్పాను. నాకు నెల పట్టింది ఆమెకు నాలుగు రోజుల్లో వచ్చింది. కొంచెం కడుపు మండింది, నిజం చెప్పాలి.

ఆరు చీటీలు వచ్చాయి. ఏడోది నాది.

బాపు ఎప్పుడూ కాదు అనేవాడు కాదు. చూద్దాం అనేవాడు. బాపు చూద్దాం అన్నాడంటే అది కాదనే. ఈలోపు బజారులో ఎవరో, మీ బిడ్డ సాయబు వాకిట్లో కాళ్లు ఎగరేస్తుందట కదా అని అడిగారు. ఆ రోజు బాపు అన్నం సగంలో లేచాడు. అన్న తల దించుకున్నాడు. నేను లేచి బాపు ఎదురుగా నిలబడ్డాను. అంతకుముందు ఎప్పుడూ అట్లా నిలబడలేదు.

"చూద్దామంటవ్ గద బాపూ. రేప్పొద్దుగాల వచ్చి చూడు" అన్నాను.

వస్తాడనుకోలేదు. వచ్చాడు. దుకాణం తాళాలు మొలకు దోపుకుని, చెప్పులు బయట విడిచి, వాకిట్లో గోడ పక్కన నిలబడ్డాడు. చాచా స్టూలు వేశాడు, కూర్చోలేదు. నేను పది తన్నాలి, రెండు చక్రాల నడుమ నుంచి పోవాలి. ఆరు పోయాయి. పదోది చక్రానికి తగిలి పక్కకు దొర్లింది. నేను తల ఎత్తలేదు. బాపు గొంతు వినిపించింది.

"జరంత ఎడమకు తప్పింది. ఇంకోటి కొట్టు."

పదకొండోది నడుమ నుంచి పోయింది. బాపు చాచా వైపు తిరిగి, ఆడపిల్లకు ఈ ఆట ఎందుకు నేర్పుతున్నరు చాచా అని మెల్లగానే అడిగాడు.

"సేటూ, ముప్పై ఏండ్ల సంది మగపోరగాండ్లు నా తాన బంతి కుట్టించుకపోతున్నరు. ఎట్ల తన్నాలె అని అడిగింది నీ బిడ్డ ఒక్కతే" అన్నాడు చాచా.

బాపు దుకాణానికి పోయి, బెల్లం బస్తాల మీద కూర్చుని, పద్దులు రాసే కలంతో గుండ్రటి అక్షరాల్లో చీటీ రాసిచ్చాడు.

పోటీ మా బడి ఆవరణలోనే జరిగింది. మగపిల్లల బడి డ్రిల్ సార్, మాకంటే ఒక తరగతి తక్కువ పిల్లలను పంపించాడు. అదే మాకు మొదటి అవమానం. బయటి మగవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి చాచా రాలేదు, బాపు రాలేదు. గీత దగ్గర జెండా పట్టుకోవడానికి అన్నను మాత్రం రానిచ్చారు. లంగాల కింద అన్నల లాగులు తొడుక్కున్నాం. నాది మా అన్నదే, తనే ఇచ్చాడు.

మొదలయ్యాక చాచా నేర్పినవన్నీ గాలికి పోయాయి. ఏడుగురమూ బంతి ఎటు పోతే అటు కోళ్ల గుంపులా పరుగెత్తాం. సగం ఆట అయ్యేసరికి మా మీద మూడు గోల్స్ పడ్డాయి. ఒక్కసారి మాత్రం ఎదురుగా ఎవరూ లేకుండా, ఖాళీ గోలు ముందు బంతి నా కాలికి దొరికింది. నెలల తరబడి సున్నం పూసుకుని నేర్చుకున్న దాన్ని, ఆ క్షణంలో బొటనవేలితో పొడిచాను. బంతి గోడ దాటి వీధిలో పడింది. పాత గోరు మళ్లీ చీలింది. గోడ అవతలి నుంచి ఎవరో బంతిని లోపలికి విసిరారు. మగపిల్లలు నవ్వారు. మా పిల్లలు నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

సగం ఆటకు విరామం. బాపు పంపిన బెల్లంతో టీచరమ్మ పానకం కలిపించింది. పానకం తాగుతున్నంతసేపూ నేను మాట్లాడాను. బూట్లవాళ్ల సంగతి, వట్టి కాళ్లవాళ్ల సంగతి చెప్పాను. బంతిని ఎవరూ దగ్గర ఉంచుకోవద్దు, పంపించి జాగ మారాలి, నాతో సహా. ఒక పిల్ల ఇంటికి పోతానంది. పోనివ్వలేదు. గోరుకు గుడ్డపేలిక కట్టుకుని మళ్లీ దిగాను.

ఆ తర్వాత ఒక్క గోలు కూడా పడలేదు. మగపిల్లలు మా నడుమ తిరిగారు గాని బంతి వాళ్లకు అందడం తగ్గింది. చివర్లో బంతి మళ్లీ నా కాలికి వచ్చింది, ఎదురుగా గోలు కొంచెం కనిపించింది. నా కాలు లేచింది. లేచిన కాలిని ఆపి, పాదం లోపలి పక్కతో ఎడమవైపు తోశాను. అక్కడ మగ్గం పిల్ల ఉంది. చూడనైనా చూడకుండా, కర్ర తొక్కినంత తేలికగా కాలు వేసింది. బంతి నేల మీదనే పోయి గోలులో పడింది. ఆ పిల్ల అరవలేదు, ఎగరలేదు. నా వైపు చూసి, అయిందా అని అడిగింది. గీత దగ్గర అన్న జెండా కింద పడేశాడు.

మూడూ ఒకటితో ఓడిపోయాం.

ఆ సాయంత్రం కుంటుకుంటూ చాచా వాకిట్లోకి పోయాను. ఏడవకూడదనుకున్నాను గాని ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చాడు. తర్వాత నేల మీద మేకులు పరిచి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో పెట్టమన్నాడు. ఖాళీ గోలు సంగతి దాచాలనుకున్నాను, దాచలేకపోయాను.

"పొడిచినవా?"

"పొడిచిన."

తల ఊపాడు, అంతే. మగ్గం పిల్ల గోలు చెబితే రెండుసార్లు చెప్పించుకున్నాడు. మా మీద పడిన మూడు గోల్స్ సంగతి మాత్రం ఇంకా శ్రద్ధగా విన్నాడు. మేకులను అటూ ఇటూ జరిపాడు, ఒకదాన్ని వేలితో నొక్కిపట్టి ఆలోచించాడు. దీపం పెట్టే వేళకు లేచి, రేపు గోలు కాడ నిలబడ్డ పిల్లను తోలుకరా అన్నాడు.

తోలుకుపోయాను. ఆ తర్వాత మిగిలినవాళ్లూ వచ్చారు. మూడేళ్లు ఆ వాకిట్లో తన్నాం. చాచీకి రొట్టెలు చేసీ చేసీ చేతులు నొచ్చేవి.

ఇప్పుడు అక్కడ టాంగాలు లేవు. మేం ఉన్నప్పుడే ఆటోలు రావడం మొదలైంది, ఒక్కొక్క గుర్రమే తగ్గిపోయింది. జీన్లు కుట్టించుకునేవాళ్లు లేక చాచా కొన్నాళ్లు సూట్‌కేసులు, బడి సంచులు బాగుచేశాడు. నా పెళ్లయిన ఏడాది వాళ్ల కొడుకు వచ్చి ఆయన్నూ చాచీనీ పట్నం తీసుకుపోయాడు. ఆ తర్వాత ఆయన్ను చూడలేదు. పోయాడన్న కబురు కూడా చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ వాకిలి ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల భవనం, కింద సెల్‌ఫోన్ల దుకాణాలు. మగ్గం పిల్ల కూడా లేదు. అన్నకు ఈ కథ చెబితే, జెండా తాను పడేయలేదంటాడు.

మేం మగపిల్లల బడి మీద ఒక్కసారి కూడా గెలవలేదు. కాని తక్కువ తరగతి పిల్లలను పంపడం రెండో ఏటికే మానేశారు. మూడో ఏడు మా ఈడువాళ్లతోనే ఆడి రెండూ రెండుతో నిలిచాం. ఆ మర్నాడే వాళ్ల డ్రిల్ సార్ మా పెద్ద టీచరమ్మకు కబురు పంపాడు, ఈసారి పదో తరగతి జట్టును పంపిస్తామని. టీచరమ్మ భయపడుతూనే నాకు చెప్పింది. నేను పుస్తకాల సంచితోనే టాంగాల అడ్డా దాకా పరుగెత్తాను. చాచా ఒక పాత కళ్లేనికి ఆముదం పట్టిస్తున్నాడు. వగరుస్తూ చెప్పాను, పదో తరగతివాళ్లు వస్తరట చాచా, మీసాలున్నోళ్లు గూడ ఉన్నరట అని.

ఆయన చేతి పని ఆపలేదు.

"రమ్మను" అన్నాడు.